రసాల పరీక్ష

జిహ్వకో రుచి, పుర్రెకో బుద్ధి అని లోకంలో ఒక సామెత ఉన్నది. దీనిని సాధారణంగా వాదం ముగించడానికి వాడుతారు. ఒకరికి నచ్చినది వేరొకరికి నచ్చదు గనుక రుచి విషయంలో తర్కానికి తావు లేదని దీని తాత్పర్యంగా చెబుతారు. కాని ఇదే మాటను ఇంకొక విధంగా కూడా అన్వయించుకొనవచ్చు. జిహ్వకు తనదైన రుచి ఒకటి ఉండవలెనంటే ఆ జిహ్వ ముందుగా పది రుచులను ఎరిగి ఉండవలె. ఎరిగి, వానిలో తనకు కావలసినదానిని ఏరుకొని ఉండవలె. ఏరుకొనకుండా అబ్బిన రుచి ఆ మనిషిది కాదు. అది అంగడివానిది, కాకపోతే ఇరుగుపొరుగువారిది. రుచి పుట్టుకతో రావచ్చునేమో గాని, ఏరుకొనే నేర్పు మాత్రం అభ్యాసంతోనే రావలె.

ఎండలు ముదిరిన తరువాత రాజమహేంద్రవరంలో పండ్ల అంగళ్ళ ముందు నిలిచిన మనిషికి ఈ ఏరుకొనడం ఎంత చిక్కో అనుభవానికి వస్తుంది. ఒక గంపలో సువర్ణరేఖలు. పక్కన బంగినపల్లి పండ్లు. ఆవల చిన్నరసాలు, పెద్దరసాలు, చెరుకురసాలు. కొత్తపల్లి కొబ్బరి ఒకచోట, కలెక్టరు కాయలు ఒకచోట. ఇక ప్రదర్శనలలో ఈ చిక్కు పదింతలవుతుంది. 1987లో ఢిల్లీలో ప్రారంభమైన అంతర్జాతీయ మామిడి ఉత్సవం వంటి చోట్ల బల్లల మీద వందలాది రకాలను వరుసలు దీర్చి ఉంచుతారు. భారతదేశంలో మామిడి రకాలు సుమారు వెయ్యి అని ఉద్యాన శాస్త్రజ్ఞులు చెబుతారు. చూడ వచ్చినవానికి పొట్ట ఒక్కటి. ఋతువు చూస్తే మూడు నెలలు. ఏది రుచి చూడవలె, ఏది విడువవలె అనే ప్రశ్న పిల్లల ప్రశ్నవలె కనబడుతుంది గాని, దానికి ఇచ్చే జవాబు మీద ఎన్నో చెట్ల బ్రతుకు ఆధారపడి ఉన్నది.

ఈ చిక్కు మామిడికి మాత్రమే పరిమితమైనది కాదు. ఐరోపా దేశాలలో బార్లీ మొలకలతోను, హాపు పూలతోను తయారయ్యే బీరు అనే పానీయానికి పెద్ద పెద్ద ఉత్సవాలు జరుగుతాయి. ఇంగ్లండులో పెద్ద కంపెనీల ఒకే మోస్తరు బీరు దేశమంతా వ్యాపించి, ఊరూరి చిన్న తయారీలు మూలబడుతున్న రోజులలో, 1971లో కొందరు ఒక సంఘంగా ఏర్పడి పీపాలోనే పులిసి పక్వానికి వచ్చే పాత పద్ధతి బీరును నిలబెట్టడానికి పూనుకొన్నారు. 1975లో లండనులోని కవెంటు గార్డెనులో ఒక పెద్ద ప్రదర్శన జరిపినారు. 1977లో బ్రిటను మహోత్సవం మొదటిసారి జరిగినది. అటువంటి ఉత్సవాలకు ఆరితేరినవారు వెళ్ళితే వారి పద్ధతే వేరు. ఒక పైంటులో మూడవవంతు పట్టే చిన్న గ్లాసు తీసుకొంటారు. తేలికవానితో మొదలుపెట్టి ఘాటైనవానిని చివరకు ఉంచుకొంటారు. తమ ఊరి అంగడిలో నిత్యం దొరికేదాని జోలికి పోక, మరెక్కడా దొరకనిదానిని వెదకి పట్టుకొంటారు. మద్యపానం మంచిచెడ్డలు వేరే ప్రసంగం. విద్యార్థులకు అది ఏ విధంగాను అనుసరణీయం కాదు. కాని ఆ ఎంపికలోని వివేకం గ్రహింపదగినది. ఆ చిన్న గ్లాసుల పుణ్యమా అని మూలబడిన తయారీలు ఎన్నో తిరిగి తలయెత్తినవి.

మామిడి పండ్ల ముందు నిలిచిన తెలుగువానిలో ఆ వివేకం ఏ మాత్రం కనబడుతున్నది? సాధారణంగా రెండు విధాల మనుషులు కనబడతారు. మొదటివాడు పేరుకు లొంగేవాడు. బంగినపల్లి అన్న మాట వినబడగానే అతని వెదకులాట ముగుస్తుంది. ఆ పండుకు ఆ గౌరవం తగనిదని ఎవరూ అనరు. పీచు లేని కండ, పలుచని తోలు, నిలువ ఉండే గుణం, ఇన్ని ఒక పండులో కుదరడం అరుదు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. కాని ఒక పండు గొప్పదైనంత మాత్రాన తక్కినవానిని నోట పెట్టనక్కర లేదనడం, ఒక్క కావ్యం గొప్పదని తక్కిన వాఙ్మయాన్ని అటక మీద పారవేయడం వంటిది. రెండవవాడు లెక్కకు లొంగేవాడు. ప్రదర్శనలో పెట్టిన ప్రతి ముక్కనూ నోట వేసుకొంటాడు. ఇరవై రకాలు తిన్నానని ఇంటికి వచ్చి చెబుతాడు. ఏది ఎట్లున్నదని అడిగితే అన్నీ తియ్యగా ఉన్నవంటాడు. మొదటివాడు ఏరుకొనక ముందే ఆగిపోయినాడు; రెండవవాడు ఏరుకొనడమే మరచిపోయినాడు. ఇద్దరి విషయంలోను నాలుకకు పని పడలేదు.

ఇక్కడ ఒక విచిత్రం గమనించవలసి ఉన్నది. ఇదే గోదావరి జిల్లాలలో మామిడికాయను పరీక్షించడంలో ఆరితేరిన పండితులు ఇంటింటా ఉన్నారు. వారు ఆవకాయ పెట్టే ఇల్లాండ్రు. ఆవకాయ దినాలలో సంతకు పోయిన గృహిణి కాయ పేరు విని మోసపోదు. రంగు చూసి మురిసిపోదు. కాయను చేత పట్టుకొని బరువు చూస్తుంది. టెంక కట్టినదా లేదా అని అడుగుతుంది. టెంక ముదరని కాయ ముక్కకు పెంకు నిలువదు, పెంకు నిలువని ముక్క ఏడాది తిరగకుండానే జావ అవుతుంది. ఒక కాయ కోయించి ముక్క కొరికి చూస్తుంది. పులుపు చాలునా, కండ గట్టిగా ఉన్నదా, పీచు ఎంత ఉన్నది అని మూడు ప్రశ్నలు ఆ ఒక్క కాటులోనే వేస్తుంది. జవాబు నచ్చకపోతే కాయను అక్కడే ఉంచి పక్క అంగడికి పోతుంది. మాగాయకు పనికివచ్చేది వేరు, ముక్కల పచ్చడికి పనికివచ్చేది వేరు, పప్పులోకి పనికివచ్చేది వేరని ఆమెకు తెలుసు. ఏ పాఠశాలలోను చెప్పని ఈ శాస్త్రం తల్లి నుండి కూతురికి, అత్త నుండి కోడలికి వస్తున్నది.

ఆ ఇల్లాలే, నెల తిరిగి అదే అంగడికి పండ్ల కోసం పోయినప్పుడు, ఆ శాస్త్రాన్ని ఇంటివద్ద వదలిపెట్టి పోతున్నది. పసుపు రంగు తిరిగినదా, మచ్చ లేదా, బంగినపల్లేనా అని మాత్రం చూసి డజను లెక్కకట్టించుకొంటున్నది. కాయ విషయంలో ఉన్న వివేకం పండు విషయంలో ఎందుకు పోయినది? కారణం స్పష్టమే. ఆవకాయ చెడితే ఏడాది పొడుగునా ఆ నష్టం కంచంలో కనబడుతుంది. పండు చప్పగా ఉంటే ఆ పూటతో మరచిపోవచ్చు. తప్పు ఎంపికకు శిక్ష ఉన్నచోట మనిషి నేర్చుకొంటాడు. శిక్ష లేదనుకొన్నచోట నేర్చినదానిని కూడా వాడడు. కాని పండు విషయంలో నిజంగా శిక్ష లేదా? ఉన్నది. అయితే అది తిన్నవానికి గాక చెట్టుకు పడుతున్నది. ఆ సంగతి తరువాత; ముందు ఎంపిక ఎట్లు జరగవలెనో చూడవలసి ఉన్నది.

మొదటిది కాలం. అన్ని రకాలనూ ఒక్కరోజే రుచి చూడవలెనన్న తొందర అక్కరలేదు. ప్రకృతి తానే వరుస పెట్టి వడ్డిస్తున్నది. సువర్ణరేఖ ముందుగా వస్తుంది. వెనుక బంగినపల్లి వస్తుంది. వేసవి నడిమికి రసాలు జోరందుకొంటాయి. తక్కినవన్నీ వెనుకబట్టిన తరువాత, తొలకరి చినుకులతో నీలం పండు వస్తుంది. ఏ పండునైనా దాని కాలం నడిమిలో తినడం ఉత్తమం. ధర కోసం తొందరపడి కోసిన తొలి కాయలు చూసి ఆ రకమే చప్పనిదని తీర్పు చెప్పరాదు.

రెండవది పరీక్ష. పండుకు మొదటి పరీక్షకుడు ముక్కు. ముచ్చిక దగ్గర వాసన చూస్తే పండు తన కథ సగం చెబుతుంది. నాలుక తెలుసుకొనేవి తీపి, పులుపు, వగరు మొదలైన కొద్ది రుచులే. ఒక రకానికి మరొక రకానికి గల తేడా అధికంగా వాసనలోనే ఉన్నది. అమరకోశంలో మామిడికి పర్యాయపదాలు చెబుతూ, మిక్కిలి పరిమళం గల మామిడికి సహకారమనే పేరును ప్రత్యేకించినాడు. అంటే నిఘంటుకారుడు కూడా మామిడిలో రకాన్ని వాసనతోనే వేరుచేసినాడన్నమాట. మంచులో పెట్టిన పండులో పరిమళం అణగిపోతుంది కాబట్టి, రుచి చూడదలచిన పండును చల్లబరచరాదు. ముచ్చికకు ఇరుప్రక్కల భుజాలు నిండి లేచినదా అని చూడవలె. సాధారణంగా పక్వానికి వచ్చిన కాయ నీటిలో మునుగుతుంది, లేతది తేలుతుంది. తినేముందు పండ్లను నీటిలో వేసి ఉంచే ఇంటి ఆచారం వల్ల సొన కడిగివేయబడడమే గాక ఈ పరీక్ష కూడా జరిగిపోతుంది.

మూడవది వరుస. ఉగాది నాడు ఆరు రుచులను ఒక్క పచ్చడిలో చూపిన జాతికి రుచికీ రుచికీ గల సంబంధం తెలియనిది కాదు. మితిమీరిన తీపి తిన్న నాలుకకు తరువాత వచ్చిన పులుపు రెట్టింపుగా తోస్తుంది. మృదువైన తీపి అసలే తోచదు. కాబట్టి పులుపు కలిసిన తేలిక పండుతో మొదలుపెట్టి, బాగా తియ్యనైన చెరుకురసం వంటిదానిని చివరకు ఉంచుకొనవలె. మధ్యమధ్య నీటితో నోరు పుక్కిలించవలె. రసాన్ని కోసి తినరాదు, కోతపండును పిసికి జుర్రరాదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మర్యాద ఉన్నది. చిన్నరసం ముక్క కోసి పళ్ళెంలో పెట్టి, పీచు ఎక్కువని నిందించినవాడు దోషం పండుదో తనదో ఆలోచించుకొనవలె. ఒక పూట నాలుగైదు రకాలకు మించితే నాలుక సాక్ష్యం చెల్లదు.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది: ఆ నాలుగింటిలో ఒకటైనా అంతకు ముందు పేరు వినని పండై ఉండవలె. ఈ నియమం సరదా కోసం చెప్పినది కాదు. దీని వెనుక మామిడిచెట్టు స్వభావం ఉన్నది.

వరిగింజ నాటితే వరి వస్తుంది. ఆ రకమే వస్తుంది. మామిడి సంగతి అట్లు కాదు. దేశంలోని అధిక రకాలలో టెంకలో ఉండేది ఒకే పిండం. అది తల్లిచెట్టు పువ్వుకు, మరేదో చెట్టు పుప్పొడికి పుట్టిన బిడ్డ. బంగినపల్లి టెంక పెరటిలో పాతితే మామిడిచెట్టు మొలుస్తుంది గాని బంగినపల్లి మొలవదు. ఒక రకం నిలవవలెనంటే ఆ చెట్టు కొమ్మను మరొక మొక్కకు అంటుకట్టడం ఒక్కటే మార్గం. అంటే దేశంలో ఉన్న బంగినపల్లి చెట్లన్నీ ఒకానొకప్పుడు ఎక్కడో మొలిచిన ఒకే ఒక్క చెట్టుకు కొమ్మలే. ఉత్తరాన దశేరి మామిడికి మూలమైన తల్లిచెట్టు లక్నో దగ్గర నేటికీ నిలిచి ఉన్నది. ఆ ఊరి పేరే పండు పేరు. పశ్చిమ తీరంలో పోర్చుగీసువారు అంటుకట్టే విద్యను ప్రోత్సహించినందువల్ల పేరు పొందిన ఆల్ఫాన్సో, వారి సేనాని అఫోన్సో ఆల్బుకర్కు పేరున నిలిచినది.

ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించవలె. ఆ మొదటి చెట్టు మొలిచినప్పుడు దానికి పేరు లేదు. గట్టు మీదనో దొడ్డిలోనో తనంత తానుగా మొలిచిన టెంకమామిడి అది. దాని పండు ఎవరో ఒకరు కొరికినారు. కొరికి, ఊరకే మింగివేయక, ఆగినారు. ఇది వేరుగా ఉన్నదే అనుకొన్నారు. పొరుగువానికి ఇచ్చి రుచి చూడమన్నారు. అంటు కట్టించినారు. అట్లు ఆగిన మనిషి లేకపోతే ఈనాడు ఆ రకం లేదు. ఒక్కొక్క మామిడి పేరు వెనుక, చరిత్రకెక్కని ఒక్కొక్క రసజ్ఞుడు ఉన్నాడు. రకాన్ని పుట్టించినది ప్రకృతి. దానిని బ్రతికించినది మాత్రం ఏరుకొనే నాలుక.

గోదావరి మండలంలో ఈ మాటకు నిదర్శనాలు లేకపోలేదు. కొత్తపల్లి కొబ్బరి అనే పేరులోనే ఊరి పేరు, కండ తీరు రెండూ చేరి ఉన్నవి. పచ్చికాయను కొరికితే కొబ్బరివలె కరకరలాడే ఆ కండను గుర్తించి పేరు పెట్టినవాడు సామాన్యుడు కాడు. కాకినాడ దాపునున్న పండూరు పేరు పండూరి మామిడితో నాలుగు దిక్కులకు పాకినది. నూజివీడు రసాలు జమీందారుల తోటలనాటి నుండి పేరెన్నిక గన్నవి. ఆత్రేయపురంలో రసాన్ని చాపల మీద పొరపొరగా పోసి, ఎండబెట్టి చేసే తాండ్రకు కావలసినది చూపుల పండు కాదు, రసం నిండిన పండు. ఒక్కొక్క ఊరు ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క పండును ఏరుకొన్నది. ఆ ఏరుకొనడం ఆగిన నాడు, అంటుకొమ్మలకు పేరుపడ్డ కడియం నర్సరీలలో కూడా ఆ రకాల మొక్కలు పెంచేవారుండరు. అడిగేవాడు లేని మొక్కను ఏ నర్సరీవాడు మాత్రం ఎన్నాళ్ళు పెంచగలడు?

నాలుకను పక్కకు పెట్టి కంటికే ఎంపిక అప్పగిస్తే ఏమవుతుందో తెలుసుకొనవలెనంటే అమెరికా దేశపు మామిడి కథ వినవలె. 1889లో భారతదేశం నుండి ముల్గోబా అనే రకం ఆ దేశానికి చేరినది. దాని టెంకను 1902లో ఫ్లోరిడాలో హేడెను అనే సేనాధికారి నాటినాడు. 1910లో ఆ చెట్టు ఎర్రని చక్కని పండ్లు కాచినది. హేడెను అన్నది ఆ రకానికి పేరైనది. ఆ హేడెను సంతానంలో ఒకటి టామీ అట్కిన్సు. రుచి సామాన్యమని, పీచు ఎక్కువని ఫ్లోరిడాలోని మామిడి నిపుణులు మొదట దానిని అంగీకరించలేదు. కాని చూపునకు ఎర్రగా ఉంటుంది. దెబ్బ తగిలితే త్వరగా చెడదు. ఎంత దూరమైనా ప్రయాణం చేస్తుంది. అంగడిలో ఎక్కువ దినాలు నిలుస్తుంది. వర్తకునికి ఇంతకంటె కావలసినదేమి? నిపుణుల నాలుక ఓడి వర్తకుని కన్ను గెలిచినది. అమెరికా, ఐరోపా అంగళ్ళలో మామిడి అంటే అదే అనుకొనే స్థితి చాలాకాలం నడచినది. 1989 నుండి ఆగిపోయి ఉన్న భారతీయ మామిడి దిగుమతికి, పండ్లకు వికిరణ చికిత్స చేయవలెనన్న నియమంతో 2007లో గాని ఆ దేశం తలుపు తెరవలేదు. ఆ నడిమి సంవత్సరాలలో అక్కడ పెరిగిన తెలుగు పిల్లలకు, మామిడిపండు గురించి తాతలు చెప్పిన మాటలకూ చేతిలోని పండుకూ పొంతన కుదరక పోవడంలో ఆశ్చర్యం లేదు. ముల్గోబా మనుమడే అయినా, ఆ పండులో తాత రుచి మిగలలేదు.

అంత దూరం పోనక్కర లేదు. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు గోదావరి తీరంలోని అంగళ్ళలోనే ఉదాహరణలు దొరుకుతాయి. కొనేవాడు పసుపు రంగునే అడుగుతున్నాడు కాబట్టి అమ్మేవాడు పసుపు రంగునే తయారుచేసి ఇస్తున్నాడు. కాల్షియం కార్బైడుతో కాయలను పండబెట్టడం చట్టం నిషేధించిన పని. నిర్ణీత ప్రమాణంలో ఎథిలీను వాయువు వాడడానికి మాత్రం అనుమతి ఉన్నది. అయినా కార్బైడు మాట వేసవి వచ్చినప్పుడల్లా వినబడుతూనే ఉన్నది. తనిఖీ అధికారులు చేయవలసినది చేయవలసినదే. కాని ముచ్చిక వాసన చూసి, పరిమళం లేని పసుపు పండును తిరిగి గంపలో పెట్టే కొనుగోలుదారులు ఊరికి నూరుమంది ఉంటే, ఆ పొడి కొనేవాని లాభం సగం అక్కడే ఆవిరి అవుతుంది. వరిగడ్డిలో ముగ్గవేసిన పండు ఆకుపచ్చగా కనబడినా లోపల తేనె కావచ్చునని తెలిసినవాడు మోసపోడు.

దీనికి కొన్ని ఆక్షేపణలు రావచ్చు. రైతు బ్రతకవద్దా అంటారు. బాగా అమ్ముడుపోయే రకాన్ని నాటుకొనడం అతని హక్కే; ఎవరూ కొనని పండును పండించి పోషించుమని రైతుకు నీతి చెప్పడం అన్యాయం. కాబట్టే బరువు రైతు మీద గాక తినేవాని మీద పెట్టవలసి వచ్చినది. పది డజనుల బంగినపల్లి కొనే ఇల్లు ఒక్క డజను ఊరి పండు అడిగి కొంటే, ఆ చెట్టు నరికి కలప చేయాలన్న ఆలోచన ఆ రైతుకు మరొక ఏడాది వెనుకకు పోతుంది. పేదవానికి ఏరుకొనే స్తోమత ఎక్కడిదన్న ఆక్షేపణ మరొకటి. అయితే పేరులేని టెంకమామిడి పండు పేరుపడ్డ పండు కంటె సాధారణంగా చవక. పేరుకే డబ్బు పెట్టవలె గాని రుచికి కాదు. నిజానికి రుచి తెలిసినవానికే డబ్బు మిగులుతుంది. ఇక కొత్త సంకర రకాలు వస్తుండగా పాతవానికోసం ఈ బెంగ ఎందుకన్నది మూడవ ఆక్షేపణ. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థవారు నీలానికి దశేరిని కలిపి మల్లిక అనే మంచి రకాన్ని పుట్టించినమాట నిజం. కాని నీలము, దశేరి బ్రతికి ఉన్నందువల్లనే కదా మల్లిక పుట్టినది? పాతవి పోయిన తరువాత కొత్తవానికి తల్లిదండ్రులెవరు?

ఈ విషయంలో ఉపాధ్యాయులు, విద్యార్థులు చేయగల పని ఒకటి ఉన్నది. మామిడి ఋతువూ వేసవి సెలవులూ ఒక్కసారే వస్తాయి. ప్రతి ఊరిలోను చెరువుగట్టు మీద, పాతయిళ్ళ దొడ్లలో, మెట్టచేల సరిహద్దులలో, ఎవరు నాటినారో తెలియని చెట్లు ఇంకా ఉన్నవి. పిల్లలు సెలవులలో తమ ఊరి చెట్లకు ఒక పట్టిక వ్రాయవచ్చు. చెట్టు ఎక్కడ ఉన్నది, ఊరివారు దానిని ఏమని పిలుస్తారు, ఎప్పుడు పూస్తుంది, ఎప్పుడు పండుతుంది, పండు ఆకారమేమి, పీచు ఎంత, పులుపు ఎంత, వాసన దేనిని పోలినది, పచ్చడికి పనికివస్తుందా, రసానికా, కోతకా అని వ్రాయడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక నాలుక చాలు. బడి తెరచిన తరువాత ఆ పట్టికలను కలిపి చదివితే, వృక్షశాస్త్రమూ భాషా రెండూ ఒకే పాఠంలో సాగుతాయి. ఎందుకంటే రుచిని మాటలో పెట్టడం వ్యాసరచనలలోకెల్లా కష్టమైనది. బాగుంది, తియ్యగా ఉంది అన్న రెండు మాటలతో సరిపెట్టుకొనే పిల్లవాని చేత మూడవ మాట పలికించగలిగితే, ఆ ఉపాధ్యాయుడు తెలుగు చెప్పినట్లే.

ఆ పట్టికలో ఏదైనా చెట్టు నిజంగా విశేషమైనదని తోచితే దారి చూపగల సంస్థలు లేకపోలేదు. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. రైతులు కాపాడుకొంటూ వచ్చిన రకాలను వారి పేరనే నమోదు చేసుకొనడానికి, పార్లమెంటు 2001లో చేసిన వృక్షరకాల సంరక్షణ, రైతుల హక్కుల చట్టం అవకాశం ఇస్తున్నది. కాని చట్టం తనంత తానుగా వచ్చి చెట్టు ఎక్కి పండు కోసుకొనదు. ఎవరో ఒకరు ముందు రుచి చూసి, ఇది వేరుగా ఉన్నదే అని ఆగవలె.

మామిడికి సంస్కృతంలో రసాలమని పేరు. కావ్యంలోని ఆత్మనూ పండులోని ద్రవాన్నీ రసమనే ఒక్క మాటతోనే పిలుస్తారు. రెండు చోట్ల కూడా రసం ఆస్వాదించేవాడు లేనిదే సిద్ధించదు. చదివేవాడు లేని కావ్యానికి తాళపత్రాలలో చెదలు పట్టినట్లే, అడిగేవాడు లేని పండు చెట్టుతో కూడా గొడ్డలికి బలి అవుతుంది. పోయిన గ్రంథానికి ఎక్కడో ఒక ప్రతి దొరకవచ్చునన్న ఆశ ఉన్నది. అంటు కట్టకుండా కూలిన మామిడికి ఆ ఆశ కూడా లేదు. దాని టెంకలన్నీ నాటినా ఆ పండు మళ్ళీ రాదు. కాబట్టి వచ్చే వేసవిలో పండ్ల గంప ముందు నిలిచినవాడు బంగినపల్లి కొనుక్కొనవచ్చు, తప్పులేదు. కొన్న తరువాత, గంప అడుగున పేరులేకుండా పడి ఉన్న ఆకుపచ్చని పండు ఒకటి చేతికి తీసుకొని, ముచ్చిక దగ్గర వాసన చూసి, ఇది ఏ ఊరిదని అడగవలె. ఆ ప్రశ్న అడిగేవారు ఉన్నంతకాలం ఆ చెట్టుకు గొడ్డలి భయం కొంత తగ్గుతుంది.